“కుదా, కుదా”: కొజ్లోవ్‌స్కీ నేర్పిన రష్యన్

1991లో కీవ్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన మన బ్యాచ్‌కి, పాడ్‌ఫాక్‌లో, అంటే కోర్సుకి ముందు భాష నేర్పే విభాగంలో, ఏడాదిపాటు రష్యన్ నేర్పిన పెద్దావిడ గుర్తున్నారు కదా? మనం ‘స్తోల్’ని ‘స్తోలు’ అనేవాళ్ళం, ‘దోమ్’ని ‘దోము’ అనేవాళ్ళం. చివర ఉకారం తగిలించందే తెలుగు నోరు ఊరుకోదు. ఆవిడ విసిగిపోయి, ఒకరోజు ఇంటి నుంచి గ్రామఫోన్, మెలోదియా అనే సోవియట్ కంపెనీ రికార్డు మోసుకొచ్చారు. “ఇవాన్ సెమ్యోనోవిచ్ మాటని ఎక్కడ ఆపుతున్నాడో వినండి” అన్నారు.

అలా పరిచయమయ్యాడు ఆపెరా గాయకుడు ఇవాన్ కొజ్లోవ్‌స్కీ. ఆ పాట చైకోవ్‌స్కీ ఆపెరా ‘యెవ్‌గెనీ అనేగిన్’లో లెన్‌స్కీది. తెల్లారితే స్నేహితుడితోనే పిస్తోళ్ళ పోరు. నా వసంతకాలపు బంగారు రోజులారా, ఎక్కడికి పోయారని అడుగుతాడు. ‘కుదా’ అంటే ‘ఎక్కడికి’, ‘గ్దే’ అంటే ‘ఎక్కడ’. ఇంగ్లీషులో రెండిటికీ ఒకే మాట కాబట్టి మనలో కాన్వెంట్ చదువులవాళ్ళు తికమక పడ్డారు. తెలుగు మీడియంవాళ్ళకి మాత్రం చిటికెలో ఎక్కేసింది. క్లాసులో నాకు దక్కిన మొదటి గెలుపు అదే, అందుకే ఆ గొంతంటే అంత ఇష్టమేమో!

ఆయన 1900లో కీవ్‌కి దక్షిణాన, వాసిల్కివ్ ప్రాంతంలోని మర్యానివ్కా అనే పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడు కీవ్‌లోని సెయింట్ మైఖేల్ మఠంలో గాయక బృందంతో పాడాడు. తర్వాత కీవ్‌లోనే లిసెంకో సంగీత ఇన్‌స్టిట్యూట్‌లో ఒలెనా మురవ్యోవా దగ్గర నేర్చుకున్నాడు. ఖార్కివ్, స్వెర్‌ద్లోవ్‌స్క్ మీదుగా 1926లో మాస్కో బల్షోయ్ ఆపెరా థియేటర్ చేరి, 1954 వరకు ఉన్నాడు. అక్కడే సెర్గేయ్ లెమెషేవ్ అని ఇంకో టెనర్, అంటే ఆయనలాగే పై స్థాయి మగగొంతు గాయకుడు. ఇద్దరికీ వేరువేరు అభిమాన దండులు! మన టీచర్ ముందు లెమెషేవ్ పేరెత్తితే ఆ రోజు హోంవర్క్ రెట్టింపు. ఎన్టీఆర్, ఏఎన్నార్ గొడవల్లో పెరిగినవాళ్ళం, మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే నాకు లెన్‌స్కీ కంటే, ముసోర్గ్‌స్కీ ఆపెరా ‘బరీస్ గదునోవ్’లోని పిచ్చి భక్తుడి వేషమే గొప్ప. 1954 నాటి సినిమాలో ఆయన్ని చూడొచ్చు. ఉండేది కొద్ది నిమిషాలే. పిల్లలు వాడి చేతిలోని కాసు లాక్కుంటారు, ఏడుస్తాడు. నా కోసం ప్రార్థించమని జార్ అడిగితే, బైబిల్లో పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు కోసం ప్రార్థించలేనంటాడు. స్టాలిన్ మెచ్చి బహుమతులిచ్చిన గాయకుడు, ఆ స్టాలిన్ కాలంలోనే, బల్షోయ్ వేదిక మీద పాలకుడి మొహం మీద ఆ మాట పాడాడు! ధైర్యమో, వేషం ఇచ్చిన రక్షణో తేల్చుకోలేను. హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడి పద్యాల కోసమే తెల్లవార్లూ కూర్చున్న మా తాతయ్య అయితే ఇదంతా పట్టించుకోకుండా వన్స్‌మోర్ అనేవాడు.

1956 నుంచి మాస్కో కన్సర్వేటరీలో పాఠం చెప్పాడు. 1970లో తన పల్లెలో పిల్లల కోసం సంగీత పాఠశాల పెట్టించాడు. బతుకంతా మాస్కోలో గడిచినా, ఉక్రేనియన్ పాటలు వదల్లేదు. ఆకాశం వైపు చూస్తూ, నేనెందుకు డేగనై పుట్టలేదని అడిగే పాట ఆయన గొంతులో వింటే, హాస్టల్లో ఇంటిమీద బెంగ పెట్టుకున్నవాడికి మరీ ప్రమాదం.

1993 డిసెంబర్ 21న ఆయన పోయారు. మనం సెకండియర్‌లో అనాటమీ టెన్షన్‌లో ఉన్నాం. ఆ ఏడాది ధరలు ఎలా పెరిగాయో, అప్పటి ఉక్రెయిన్ డబ్బు, కూపన్లు, ఎలా చిత్తు కాగితాలైపోయాయో మీకు చెప్పక్కర్లేదు. నేను టీచర్ ఇంటికి వెళ్ళాను. రికార్డు పెట్టలేదావిడ. కోటు వేసుకుని, “మఫ్లర్ సరిగ్గా చుట్టుకో, ఇవాన్ సెమ్యోనోవిచ్ చుట్టుకున్నట్టు” అని నన్ను బయల్దేరదీశారు. విదేశాంగ శాఖ భవనం పక్కన ఓ ఖాళీ జాగా దగ్గర ఆగాం. మైఖేల్ మఠం ఉండాల్సిన చోటు. పెద్ద చర్చిని ముప్పైల్లోనే కూల్చేశారు, మిగిలింది పాత భోజనశాల. మంచులోకి చెయ్యి చాపి, “ఇక్కడ పాడాడు” అన్నారు. నేను అలవాటు కొద్దీ “గ్దే?” అన్నాను. నవ్వారు.

ఆ చర్చిని మళ్ళీ కట్టి 1999లో తెరిచారు. అప్పటికి నేను ఊరొచ్చేశాను. రెండేళ్ళు ఉత్తరాలు రాసి మానేసింది నేనే. ఆ కొత్త బంగారు గుమ్మటాలు ఆవిడ చూశారో లేదో, మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి.