అమెరికా అంతర్యుద్ధం: టెన్నెసీని పట్టుకుని చదివే పద్ధతి

సివిల్స్ మెయిన్స్‌లో హిస్టరీ ఆప్షనల్ పేపర్-2 సిలబస్‌లో అమెరికా అంతర్యుద్ధం, బానిసత్వ రద్దు ఉన్నాయి. చాలామంది దీన్ని యుద్ధాల జాబితాలా బట్టీ పడతారు. ఆ జాబితాతో జవాబు నిలబడదు. దక్షిణాది ఎందుకు విడిపోయింది, బానిసత్వం ఎలా పోయింది, తర్వాత ఏమైంది అన్న మూడు ప్రశ్నలకూ ఆధారాలు ఒకేచోట దొరికే రాష్ట్రం టెన్నెసీ. దీన్ని లోతుగా చదివితే మిగతా రాష్ట్రాలను పోల్చి చూసుకోవడం తేలిక.

ముందు 1861లో జరిగిన రెండు ఓటింగులు. ఫిబ్రవరి 9న, విడిపోవడంపై సమావేశం జరపడానికే టెన్నెసీ ఓటర్లు ఒప్పుకోలేదు. ఏప్రిల్ 12న కేంద్ర ప్రభుత్వ సైనిక కోట ఫోర్ట్ సమ్టర్‌పై అప్పటికే విడిపోయిన దక్షిణాది సైన్యం కాల్పులు మొదలుపెట్టింది. 15న అధ్యక్షుడు లింకన్ 75,000 మంది సైనికులు కావాలని పిలుపునిచ్చాడు. జూన్ 8న మళ్లీ ఓటు వేస్తే విడిపోవాలని దాదాపు 1,05,000 మంది, వద్దని 47,000 మంది. అలా చివరిగా, 11వ రాష్ట్రంగా బయటికి వెళ్లింది. లింకన్ గెలవగానే దక్షిణాది అంతా ఒక్కసారిగా విడిపోయిందని రాస్తే తప్పు. వర్జీనియా, ఆర్కాన్సా, నార్త్ కరోలినా, టెన్నెసీ నాలుగూ సమ్టర్ తర్వాతే కదిలాయి.

ఇప్పుడు ఆ 47,000 ఎక్కడివో చూడండి. ఎక్కువ భాగం తూర్పు కొండ ప్రాంతానివి. అక్కడ పెద్ద తోటలు లేవు, బానిసలు తక్కువ. పత్తి, పొగాకు పండే పశ్చిమ, మధ్య ప్రాంతాలు విడిపోవడం వైపు ఓటేశాయి. యుద్ధానికి కారణం రాష్ట్రాల హక్కులా, బానిసత్వమా అన్న చర్చలో ఇంతకంటే గట్టి ఆధారం అరుదు. పేరాగ్రాఫ్‌లో ఇది తప్పక పెట్టండి.

తర్వాత పటం. పెన్సిల్‌తో అడ్డంగా పొడవైన పెట్టె గీసి, పడమటి అంచున మిసిసిపీ నది పెట్టండి. టెన్నెసీ నది తూర్పు నుంచి చాటనూగా నగరం మీదుగా అలబామాలోకి దిగి, మళ్లీ ఉత్తరానికి తిరిగి ఒహాయో నదిలో కలుస్తుంది. నాష్‌విల్ ఉన్నది కంబర్లాండ్ నదిపై. ఈ రెండు నదులూ చివరి దశలో ఉత్తరానికే పారతాయి. కాబట్టి యూనియన్ (ఉత్తరాది పక్షం) గన్‌బోటు దెబ్బతిన్నా ప్రవాహం దాన్ని సొంత పక్షం వైపే తీసుకెళుతుంది. 1862 ఫిబ్రవరి 6న ఫోర్ట్ హెన్రీ, 16న ఫోర్ట్ డోనెల్‌సన్ యూనియన్ సేనాని గ్రాంట్ చేతికి చిక్కాయి. ఆ నెలలోనే నాష్‌విల్ పడిపోయింది. యూనియన్ వశమైన మొదటి కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది పక్షం) రాష్ట్ర రాజధాని అదే. ఏప్రిల్‌లో షైలో దగ్గర రెండు రోజుల్లో ఇరువైపులా మృతులు, గాయపడ్డవాళ్లు, దొరకనివాళ్లు కలిపి 23,000 పైచిలుకు. 1863 నవంబరులో చాటనూగా దక్కాక అట్లాంటాకు దారి తెరుచుకుంది. చికమాగా యుద్ధం జార్జియాలోది, అక్కడ గెలిచింది కాన్ఫెడరేట్లు. ఈ రెండింటినీ కలిపేసేవాళ్లు చాలామంది.

మార్కులు ఎక్కువగా పోయేది బానిసలకు స్వేచ్ఛనిస్తూ లింకన్ చేసిన విముక్తి ప్రకటన దగ్గర. 1863 జనవరి 1 నాటి ఆ ప్రకటన టెన్నెసీకి వర్తించలేదు. యుద్ధాధికారం కింద, తిరుగుబాటులో ఉన్న ప్రాంతాలకే అది పరిమితం. అప్పటికే టెన్నెసీకి ఆండ్రూ జాన్సన్ సైనిక గవర్నర్, అక్కడి యూనియన్ మద్దతుదారులను లింకన్ దూరం చేసుకోదలచుకోలేదు. మరి బానిసత్వం ఎలా పోయింది? సైన్యం రాగానే బానిసలే తోటలు వదిలి గ్రాండ్ జంక్షన్ లాంటి శిబిరాలకు చేరారు. ఆ రాష్ట్రం నుంచి సుమారు 20,000 మంది నల్లజాతీయులు యూనియన్ సైన్యంలో చేరారు. 1864 ఏప్రిల్‌లో ఫోర్ట్ పిల్లో దగ్గర లొంగిపోతున్న నల్లజాతి సైనికులను కాన్ఫెడరేట్లు చంపేశారు. 1865 ఫిబ్రవరిలో టెన్నెసీ తన రాజ్యాంగాన్ని సవరించుకుని బానిసత్వాన్ని రద్దు చేసింది. దేశమంతటికీ రద్దయింది ఆ డిసెంబరులో, 13వ సవరణతో. విముక్తి లింకన్ ఒక్కడి కలం నుంచి రాలేదని ఈ క్రమమే చెబుతుంది, జవాబులో తేదీలతో సహా చూపించాలి.

యుద్ధం తర్వాతి పునర్నిర్మాణానికి రెండు వాక్యాలు సరిపోతాయి. నల్లజాతీయులకు పౌరసత్వం ఇచ్చే 14వ సవరణను ఆమోదించి 1866 జులైలో అందరికంటే ముందు తిరిగి చేరినందువల్ల టెన్నెసీ 1867 నాటి సైనిక పాలనను తప్పించుకుంది. కానీ 1866 మేలోనే మెంఫిస్ దాడుల్లో 46 మంది నల్లజాతీయులు చనిపోయారు, నల్లజాతీయులపై దాడులు చేసిన శ్వేతజాతి రహస్య సంఘం కు క్లక్స్ క్లాన్ పుట్టిందీ ఈ రాష్ట్రంలోని పులాస్కీలోనే.

ఇదంతా ఒక ఏ4 కాగితంలో పట్టాలి: ఎడమవైపు పటం, కుడివైపు తేదీలు. 150 పదాల జవాబులో టెన్నెసీకి మూడు వాక్యాలు మించనివ్వొద్దు, 20 మార్కుల దానిలో ఒక పేరాగ్రాఫ్. కాగితం చూడకుండా పటం గీసి, 1861 ఓట్లు, 1863 మినహాయింపు, 1865 సవరణ వరుసగా రాయగలిగితే రివిజన్ అయినట్టే.