టైరు మీద నాలుగంకెలు: రెండు వారాల నా అనుభవం

శుక్రవారం టైర్లు మార్పించాను. నిన్న నందిగామ వెళ్ళొచ్చాను. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను, చల్లారితే సగం మర్చిపోతాను.

నా బండి 2016 స్కోడా ఆక్టేవియా కారు, 1.8 టీఎస్ఐ పెట్రోలు ఇంజిను, 180 హార్స్‌పవర్. నాలుగేళ్ళ కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పదిహేను రోజులకోసారి కూకట్‌పల్లి నుంచి నందిగామకి, నాన్న దగ్గరికి వెళ్తాను. ఎప్పుడూ నేనే నడుపుతాను. అక్టోబరు చివరి వానల్లో చిట్యాల దాటాక రోడ్డు మీద నిలిచిన నీళ్ళలోకి బండి వెళ్ళగానే స్టీరింగు చేతుల్లో తేలిపోయింది. తిప్పితే తిరుగుతోంది, బండి మాత్రం మాట వినడం లేదు. బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని ఆగాను. రెండు సెకన్లు ఉంటుందేమో, టైర్లు మళ్ళీ రోడ్డుని పట్టుకున్నాయి. అలా చెయ్యాలని నేర్పింది నాన్నే. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో స్టీరింగు పట్టుకున్న మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్నాను కాబట్టే ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు టైర్లు చూశాను. గుండు కాలేదు, గాడులు మూడు మిల్లీమీటర్ల దాకా ఉన్నాయి. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లుంటే చాలు. కానీ గోటితో నొక్కితే రబ్బరు రాయిలా ఉంది, పక్కల్లో సన్నటి పగుళ్ళు. పక్క గోడ మీద అంకెలు 4719. అంటే 2019లో 47వ వారంలో తయారైన టైరు. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఈ నాలుగంకెలే తర్వాత నన్ను రెండు వారాలు తిప్పించాయి.

ఏ టైరు అన్నది తేల్చుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పెర్ఫార్మెన్స్ టైర్ల వైపు మొగ్గాను. అవి రేసులాడే కుర్రాళ్ళకి కదా అన్నాడు తమ్ముడు. కాదు. మెత్తటి రబ్బరు, గట్టి పక్క గోడ, నీళ్ళని త్వరగా బయటికి తోసే వెడల్పు గాడులు. తడి రోడ్డు మీద బ్రేకు తొక్కినప్పుడు బండి ముందే ఆగాలి, నాకు కావలసింది అంతే. దానికి బదులుగా టైరు తొందరగా అరుగుతుంది, గుంతలు కాస్త గట్టిగా తగులుతాయి. ఒప్పుకున్నాను. టైరు మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, తక్కువైతే మెత్తన. అయితే అది కంపెనీ తనకు తానే ఇచ్చుకునే అంకె. ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 300తో పోల్చి కొనకండి.

కంపెనీ ఇచ్చిన 205/55 ఆర్16 సైజే ఉంచాలనుకున్నాను. అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. సైజు పక్కనే ఉండే 91 డబ్ల్యూ అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, 270 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది. ఆ వేగం మనకెందుకని అడగొచ్చు. వేసవిలో మన హైవేల వేడికి తట్టుకునే కట్టుబడి కూడా ఆ అక్షరంతో పాటే వస్తుంది. మాన్యువల్లో ఉన్న లోడు అంకెకన్నా, వేగం అక్షరంకన్నా కిందికి మాత్రం దిగొద్దు. చివరికి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 అనుకున్నాను.

ఇక దుకాణం సంగతి.

పేరు రాయను. సిటీలో పెద్ద దుకాణమే. ఫోన్లో సైజు చెప్పి, నాలుగూ ఈ ఏడాదివే కావాలని చెప్పి, అడ్వాన్సు పది వేలు పంపాను. శనివారం పొద్దున వెళ్తూ తోడుంటాడని తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. అదే పొరపాటైంది.

"సార్, బండి ఎంత తిరిగింది?" అని ఓనరు తమ్ముణ్ణి అడిగాడు. వాడు నా వైపు చూశాడు. నేను చెప్పాను. రెండో ప్రశ్న కూడా వాడికే. మా తమ్ముడికి డ్రైవింగ్ రాదు. కారు నాది, ఆర్‌సీ నా పేరు మీద ఉంది, డబ్బు పంపిన ఫోను నాది. అయినా ఆ మనిషి అరగంటలో నా మొహం వైపు రెండుసార్లు చూసి ఉంటాడు.

"205 ఎందుకు సార్, 215/60 వేస్కోండి. బండి లేస్తది, స్పీడ్ బ్రేకర్లకు తగల్దు. స్టాక్ రెడీ ఉంది" అన్నాడు. 205/55 టైరు ఎత్తు 632 మిల్లీమీటర్లు, 215/60ది 664. ఐదు శాతం పెద్దది. మీటరు వంద చూపిస్తుంటే బండి నూట ఐదులో పోతుంటుంది, స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల రాసుకునే ప్రమాదం కూడా ఉంది. ఆ లెక్క చెప్పాను. "మేడమ్ గూగుల్ చూసొచ్చినట్టున్నరు సార్" అని తమ్ముడితోనే అన్నాడు. సరే, నా సైజే వేస్తామన్నాడు. ఏసీ గదిలో కూర్చోమన్నాడు, కాఫీ తెప్పించాడు.

ఏసీ గదిలో కూర్చోబెట్టే దుకాణంలో మాత్రం కూర్చోకండి. పనివాళ్ళ పక్కనే నిలబడండి.

ఇరవై నిమిషాలకి బయటికొచ్చేసరికి రెండు టైర్లు రిమ్ములకి ఎక్కేశాయి, ఒక చక్రం బండికి బిగించేశారు కూడా. తేదీ కోసం వంగి చూశాను. తయారీ కోడు మొదట్లో ఉండే డాట్ (DOT) అన్న అక్షరాలున్నాయి, కోడు చివర ఉండాల్సిన నాలుగంకెలు లేవు. అడిగితే ఓనరు, "ఇంపోర్టెడ్‌కి డేట్ ఉండదు సార్" అన్నాడు. మళ్ళీ సార్‌కే. అబద్ధం. టైరు ఏ దేశంలో తయారైనా వారం, సంవత్సరం ఉంటాయి. కాకపోతే పూర్తి కోడు చాలా టైర్లకి ఒక పక్కనే ఉంటుంది, ఆ పక్క లోపలికి పోతే బయటి నుంచి కనపడదు. అది చెప్పాను.

అప్పుడు గొంతు పెంచాడు. "మేడమ్, టైరంటే టైరే. నల్లగ ఉంటది, గుండ్రంగ ఉంటది. ఇంట్ల పప్పు ప్యాకెట్‌కి డేట్ చూసినట్టు చూసుడు కాదిది." పనివాళ్ళు నవ్వారు. బ్యాలెన్సింగ్ మిషను దగ్గర నిలబడ్డ ఇంకో కస్టమరు కూడా నవ్వాడు. మొహం మంటెక్కిపోయింది. పదహారేళ్ళుగా నడుపుతున్నాను, ఒక్క గీత పడనివ్వలేదు. ఆ నవ్వులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

మాటలు పెట్టుకోలేదు. ఆయిలు మరకల నేల మీదే మోకాళ్ళ మీద కూర్చుని, ఇంకా ఎక్కించని రెండు టైర్లని ఒక్కోటీ తిప్పి చూశాను. 0822. రెండోదీ 0822. 2022 ఫిబ్రవరి నాటి సరుకు. కింద ఉన్న రిమ్ము వైపు తిరిగితే, నాకు ఎదురుగా ఉన్న పక్క మీద ఇంకో మాట కనపడింది: ఇన్‌సైడ్. లోపలికి ఉండాల్సిన పక్కని బయటికి ఎక్కించారు. ఈ రకం టైరుకి లోపలి సగం గాడులు వేరు, బయటి సగం గాడులు వేరు. తిరగేసి వేస్తే మలుపుల్లో, వానలో ఏ పనికోసం డబ్బు పోశామో ఆ పనే సరిగా చెయ్యదు.

"ఇన్‌సైడ్ అని రాసుంది, మరి బయటికెందుకుంది?" అని అడిగాను. ఎవరూ నవ్వలేదు. ఇరవై ఏళ్ళ పనికుర్రాడొకడు నేల చూపులు చూస్తూ వచ్చి, బిగించిన చక్రం ఊడదీసి తిప్పి పెట్టాడు. 3421. నాలుగేళ్ళ పాతది. చూసినవి మూడు టైర్లు, రెండు రకాల తేదీలు, ఒక్కటీ ఈ ఏడాదిది కాదు.

నీడన, చల్లగా దాచిన టైరు ఏడాదో రెండేళ్ళో ఉన్నంత మాత్రాన పాడైపోదని నాకూ తెలుసు. పాతవని చెప్పి ధర తగ్గిస్తే ఆలోచించేదాన్నేమో. ఈ ఏడాదివని ఫోన్లో ఒప్పుకుని, కొత్తవాటి ధర కట్టి, అడిగితే తేదీయే ఉండదనడం మోసం. అప్పటిదాకా నోరు విప్పని తమ్ముడు, "అడిగేది మా అక్క. ఆమెకి చెప్పండి" అన్నాడు. ఆ మాట అరగంట ముందు అని ఉంటే బాగుండేది.

పాత టైర్లే మళ్ళీ ఎక్కించుకుని బయటపడ్డాను. సిగ్నల్ దగ్గర ఏడుపొచ్చింది. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా నీళ్ళ సీసా ఇచ్చాడు.

విప్పిన కూలీ అని చెప్పి అడ్వాన్సులో పన్నెండు వందలు పట్టుకున్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. టైర్ల ఫొటోలు, వాట్సాప్‌లో "ఈ ఏడాదివే" అన్న మెసేజీ పెట్టాను. మూడో రోజు పూర్తి డబ్బు వచ్చింది. క్షమాపణ రాలేదు. మాటలన్నీ ఫోన్లో కాకుండా రాతలో పెట్టుకోండి, నన్ను కాపాడింది ఆ ఒక్క మెసేజే.

రెండో దుకాణం మా ఇంటికి దగ్గర్లోనే, రెండు షట్టర్లది. తెప్పించడానికి ఆరు రోజులు పడుతుందన్నాడు పెద్దాయన. 2020 జూన్‌లో టైర్ల దిగుమతిని ప్రభుత్వం లైసెన్సు కిందికి తెచ్చినప్పటి నుంచి ఇలాంటివి కొన్ని సైజుల్లో అంత తేలిగ్గా దొరకడం లేదట. వచ్చాక టైరుని నా వైపు దొర్లించి, "చూసుకో తల్లీ, నువ్వు చూశాకే ఎక్కిద్దాం" అన్నాడు. నాలుగూ 2225. బిల్లు యాభై వేలు దాటింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 కాదు, 18 శాతం. ఎస్టిమేటు కాగితంలో పాత లెక్క ఉంటే అక్కడే అడగండి. ఎక్కించడం, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కలిపి గంటన్నరలో అయిపోయింది. గాలి మాత్రం వాళ్ళిష్టానికి వదలకుండా పెట్రోలు మూత లోపలి స్టిక్కరు చూపించి కొట్టించాను.

కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నున్నటి పొర ఉంటుంది, మొదట్లో జారుతుంది. అందుకని చౌటుప్పల్ దాకా నెమ్మదిగానే పోయాను. చిట్యాల దాటాక రోడ్డు తడిగా ఉంది. స్టీరింగు బరువుగా, నమ్మకంగా చేతిలో నిలబడింది. పాత టైర్లతో ఎన్నాళ్ళు నడిపానో తలచుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఇంటికెళ్ళి నాన్నకి జరిగిందంతా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా టార్చి తెచ్చాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పించాడు. ముందు చక్రం లోపలి పక్క బయటికి తిరిగింది. వంగి చదివాడు. "ఇరవై రెండు, ఇరవై ఐదు." ఆ ఉపాయం ఆ శనివారం నాకు గుర్తొచ్చి ఉంటే బిగించిన దాన్ని ఊడదీయించే పని ఉండేది కాదు.

తర్వాత డిక్కీ వైపు నడిచాడు. "స్టెప్నీది ఎంత?"

చూడలేదు. ఇద్దరం కలిసి కార్పెట్ ఎత్తాం. 0816. బండితో పాటు వచ్చినదే, ఒక్కసారి కూడా నేల తాకలేదు, గాడుల అడుగున పగుళ్ళు. రేపు పొద్దున్నే పెద్దాయనకి ఫోన్ చేసి ఐదో టైరు చెప్పాలి.