దణ్ణం పెట్టుకుంటే డినామినేటర్ తగ్గుతుందా?

"టికెట్లు వేసేముందు ఒక్కసారి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకోవే" అన్నాను. మా పదేళ్ళది నా వంక చూసి, "పెట్టుకుంటే డినామినేటర్ తగ్గుతుందా అమ్మా?" అంది.

తప్పు నాదే. ముందురోజు రాత్రి ప్రాబబిలిటీ నేర్పింది నేనే. "మనం ఎన్ని కొన్నామో ఒక్కటే కాదు, సంచీలో మొత్తం ఎన్ని ఉన్నాయో చూడాలి" అని భిన్నాలు రాసి, కింద ఉండే ఆ మొత్తమే డినామినేటర్ అని మరీ చెప్పాను. మధ్యలో మావారు "వస్తే వస్తుంది, లేకపోతే లేదు, ఫిఫ్టీ ఫిఫ్టీ" అంటే ఆయన్ని గదిలోంచి పంపించేశాను కూడా.

స్కూల్లో ట్రిక్కీ ట్రే, అంటే ఒకరకం లక్కీ డ్రా. న్యూజెర్సీ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక్కో బహుమతి ముందు ఒక్కో సంచీ ఉంటుంది, మన టికెట్లు మనకిష్టమైన దాంట్లో వేసుకోవచ్చు. జనం ఎక్కడ ఎగబడలేదో చూసుకోవడమే కిటుకు. అదీ నేనే చెప్పాను. చెప్పి, 25 టికెట్లలో 15 తీసుకెళ్ళి ఐప్యాడ్ సంచీలో కుక్కాను. అందులో అప్పటికే ఐదొందలకి తక్కువ ఉండవు. అంటే నూటికి మూడు పాళ్ళ ఆశ. విజయవాడలో బట్టల షాపు వాళ్ళ దసరా లక్కీ డ్రా కూపన్లకి పసుపు రాసి డబ్బాలో వేసిన చెయ్యి కదా, ఊరుకోదు. ఒకసారి స్టీలు డబ్బా వచ్చింది. ఆ బలం మీదే ఇన్నేళ్ళూ.

మా పదేళ్ళది మాత్రం హాలంతా తిరిగి తోటపని సామాన్ల బుట్ట దగ్గర ఆగింది. సంచీలోకి తొంగిచూసి "ముప్ఫై ఉంటాయేమో" అని తన 10 టికెట్లూ అందులోనే వేసింది. నలభైలో పది.

"ఆ బుట్టతో ఏం చేసుకుంటావే?"

"ఏమో. గెలుస్తా కదా."

రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. ఐప్యాడ్ 300 డాలర్లనుకుంటే, అందులో నూటికి మూడు పాళ్ళకి కాస్త తక్కువ, అంటే నా టికెట్ల విలువ 9 డాలర్లు కూడా లేదు. బుట్ట 40 డాలర్లే అనుకున్నా, అందులో నాలుగో వంతు, అంటే దాని టికెట్లది 10. నా 15 కన్నా దాని 10 నయం.

రెండూ రాలేదు లెండి. "నాలుగింట ఒక వంతు అంటే మూడు వంతులు రాకపోవడమే" అని ఓదార్చాల్సింది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం "చూశావా, దణ్ణం పెట్టుకోమంటే విన్నావా?"

"నువ్వు పెట్టుకున్నావుగా?"

ఆఫీసులో రోజంతా రిస్కు లెక్కలు వేసి, కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినదాన్ని. హోంవర్క్ బల్ల దగ్గర "ఎందుకు అని అడుగు" అంటాను, దేవుడి గది గుమ్మంలో "అన్నిటికీ ఎందుకు అనకు" అంటాను. మా అమ్మకి కనీసం ఈ రెండో మాట ఒక్కటే ఉండేది.

దేవుడు వేరు, లెక్క వేరు అని చెబితే సరిపోతుంది, మీరూ అలాగే చెప్పండి అని రాద్దామని కూర్చున్నాను. మరి దణ్ణం టికెట్ వేసేముందే ఎందుకు గుర్తొచ్చింది అని అడిగితే? అది అడుగుతుంది.

ఈలోగా అదే ఒక దారి చూసింది. ఒక్కసారితో ఏమీ తెలియదట, చాలాసార్లు చూడాలట. ఫ్రిజ్ మీద కాగితం అంటించి రెండు గడులు గీసింది: "అమ్మ - దణ్ణంతో", "నేను - దణ్ణం లేకుండా". రెండింట్లోనూ ఒక్కో సున్నా.

ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మ "ఆ కాగితం ఏంటే?" అంది.

హోంవర్క్ అన్నాను.