వారం పోనివ్వండి అన్న మాట

మా మేనత్త చీర కొంగుకు పొయ్యి మంట అంటుకున్న రోజున, ఒక్కో చేతికి 9, ఛాతీకి పొట్టకు కలిపి 18 చొప్పున లెక్కగట్టి, డాక్టరు గారు కేసు షీటు మీద ఒంట్లో 36 శాతం కాలిందని రాశారు. ఆ సాయంత్రం ఆవిడ అందరినీ గుర్తుపట్టి మాట్లాడటంతో గండం గడిచిందనుకున్నాము. ఆయన మాత్రం ‘వారం పోనివ్వండి’ అన్నారు. కాలిన ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోయి క్రిములు చెలరేగుతాయన్న భయం ఆ మాట వెనుక ఉందని తరువాత చదువుకుంటేగాని నాకు తెలియలేదు.

చర్మం పోతే క్రిములు లోపలికి వస్తాయన్నది ఎవరికైనా తట్టేదే. కానీ లోతుగా మాడిన పొరలో రక్తప్రసరణ ఉండదు కనుక, నరానికి ఎక్కించిన యాంటీబయాటిక్ గాని, తెల్ల రక్తకణాలు గాని అక్కడికి సరిగా చేరవు. ఆ పొరను తొలి రోజుల్లోనే చెక్కి తీసి, వెంటనే చర్మం అతకాలని స్లోవేనియాలోని మారిబోర్‌లో పనిచేసిన సర్జన్ జోరా యాంజెకోవిచ్ 1970లో ప్రచురించిన పద్ధతికి అంత పేరు రావడానికి ఇదొక కారణం.

అసలు చిక్కు గాయానికి దూరంగా ఉంది. ఒంట్లో 20 శాతానికి మించి కాలితే శరీరమంతటా వాపు ప్రతిచర్య చెలరేగి, సన్నని రక్తనాళాల గోడలు సడలి, ప్లాస్మాతోపాటు యాంటీబాడీలు కూడా కారిపోతాయి. క్రిములను మింగే తెల్ల రక్తకణాలు, అంటే న్యూట్రోఫిల్స్, ఉన్నా క్రిమి ఉన్న చోటికి సరిగా కదలలేవు, మింగినదాన్ని పూర్తిగా చంపలేవు. రక్షణ దళంలో మరో రకమైన టి కణాలు వృద్ధి చెందడానికి కావలసిన ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేత ప్రొటీన్ తగ్గిపోతుంది. ఆపైన కార్టిసాల్ వంటి హార్మోన్లు ఎగదన్ని, కండను కరిగించి, ఉన్న కాస్త నిరోధక శక్తినీ అణచివేస్తాయి. ఆరో రోజున నర్సమ్మ కట్టు విప్పినప్పుడు గాజుగుడ్డ మీద ఆకుపచ్చని మరక, అదోరకమైన తీపి వాసన కనిపించాయి. అది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పని.

అదే సమయంలో గుడ్డు పెడితే చీము పడుతుందని మా పెద్దవాళ్లు పత్యం పట్టారు. కరిగిపోతున్న ఒంటికి మాంసకృత్తులు ఆపడం కంటే పెద్ద పొరపాటు ఉండదని ఇప్పుడనిపిస్తుంది. నోటితో తొలి రోజుల్లోనే తిండి మొదలుపెడితే, లోపలి క్రిములను ఆపే పేగుల గోడ కూడా నిలదొక్కుకుంటుంది.

చివరికి ఆవిడ గాయంపై దానంగా వచ్చిన చర్మం కప్పారు. (హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021 నుంచి చర్మ బ్యాంకు ఉంది; నేత్రదానం గురించి విన్నంతగా దీని గురించి మనం వినము.) మామూలుగా పరాయి చర్మాన్ని ఒళ్లు త్వరగానే తోసిపుచ్చుతుంది; బాగా కాలినవారిలో నిరోధక శక్తి నీరసించి ఉంటుంది కనుక అది ఇంకొన్ని రోజులు నిలుస్తుంది. మూడో వారం దాటాక ఆ అతుకు అంచులు లేచి ఊడుతుంటే మేము బెంబేలెత్తాము. ‘ఒంట్లో బలం తిరిగి వస్తోంది, అందుకే’ అని డాక్టరు గారు ఆ వారంలోనే తొడ నుంచి తీసిన ఆవిడ సొంత చర్మాన్ని అక్కడ అతికారు.