ఊట నీళ్ల వెంట ఆరు రోజులు

గుంటూరులో ఇరవై ఏళ్లుగా నా పని బోరు మోటార్లు పైకి లాగడం, కాలిపోయిన వైండింగ్ మళ్లీ చుట్టడం, దించడం. నీళ్లంటే కిందినుంచి పైకి తోడాల్సినవే అని నా చేతులకు అలవాటు. మొన్న జనవరిలో విశాఖలో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, అనంతగిరి మండలంలో ఓ కొండ ఊరికి ఊట నీళ్లు దింపుతున్నారు. పైపులు కలపడం వచ్చినవాళ్లు కావాలంట" అన్నాడు. నేను అరకు వైపు ఎప్పుడూ వెళ్లలేదు. కొండలూ చూసినట్టుంటుంది, చేతనైన పనీ చేసినట్టుంటుంది అని ఒప్పుకున్నాను.

వెళ్లింది ఫిబ్రవరిలో. డిసెంబరు చలి బాగుంటుందని అందరూ చెప్పారుగానీ, ఆ రోజుల్లో అక్కడ కాఫీ పండ్లు కోస్తుంటారు. ఏడాదికి చేతిలో నాలుగు డబ్బులు పడే సమయమది. సాయం పేరుతో వెళ్లి వాళ్ల కోత పని ఆపించకూడదు. ఇలాంటి పనికి వెళ్లాలనుకునేవాళ్లు ముందు అడగాల్సింది మన సెలవులెప్పుడని కాదు, వాళ్లకు తీరికెప్పుడని.

విశాఖలో తెల్లవారుజామున కిరండూల్ ప్యాసింజరు ఎక్కాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని రేవుకు తేవడానికి 1960లలో వేసిన లైను అది. శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది. సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా పెట్టెలో పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు, నేనూ కిటికీ వదల్లేదు. బొర్రా గుహల స్టేషన్లో దిగి కొంత దూరం జీపు, తర్వాత రెండు గంటలు నడక.

నలభై ఇళ్ల ఊరు. ఇళ్లలో కువి అనే గిరిజన భాష మాట్లాడుకుంటారు, మాతో తెలుగు. నీళ్ల కోసం ఆడవాళ్లు పొద్దునా సాయంత్రం కింద గెడ్డకు, అంటే వాగుకు, దిగి, నిండు బిందెలతో ఎక్కిరావాలి. ఆ దారిలో నేను ఒక్క బిందె మోసి చూశాను. సగంలో రెండుసార్లు దించాను.

ఊట మాత్రం ఊరికి పైన, మిరియాల తీగలు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల వెనక ఉంది. నిరుడు మే నెలలోనే ఊరి కుర్రాళ్లు దాన్ని కొలిచిపెట్టారు. వానలప్పుడు ఏ ఊటైనా ఉరకలేస్తుంది, నడివేసవిలో ఎంత ఇస్తుందన్నదే లెక్క. 20 లీటర్ల బకెట్టు 50 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 24 లీటర్లు, రోజుకు 34 వేల పైచిలుకు. మనిషికి రోజుకు 55 లీటర్లని సర్కారు లెక్క. ఆ ఊళ్లో ఉన్న 180 మందికీ పదివేలు సరిపోతాయి. మిగిలింది గెడ్డలోకే వదిలేయాలని ఊరంతా కూర్చుని అనుకున్నారు. పశువులున్నాయి, అడవి ఉంది కదా.

ఊట చుట్టూ సిమెంటు గూడు కట్టడానికి గుంట తీస్తుంటే ఓ ముసలమ్మ వచ్చి పక్కనున్న చెట్టు చూపించింది. "దాని మీద చెయ్యెయ్యకండి బాబూ, ఊట దాని కిందే ఉంటాది." గూడు పక్కకి జరిపాం. ఇసుక, సిమెంటు ఊరివాళ్లు తలల మీద మోశారు. పైపు చుట్టలు మేం భుజాలకెత్తుకున్నాం. మధ్యాహ్నం అడ్డాకుల్లో సామ అన్నం, రాజ్మా కూర. మా తిండి ఖర్చు మేమే ఇచ్చాం, ఆ ఊరికి భారం కాకూడదు.

ఐదో రోజు నీళ్లు వదిలాం. ఊరి దగ్గర కొళాయిలో చుక్క రాలేదు.

అందరి మొహాలూ చూడలేకపోయాను. పది మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి వస్తుంది, మాకు అరవై మీటర్ల దిగుడుంది. రాకపోవడమేంటి? లైను వెంట చెవి ఆనించుకుంటూ పైకి నడిచాను. మధ్యలో పైపు చిన్న దిబ్బ ఎక్కి దిగేచోట గాలి పట్టేసింది. అక్కడ జాయింటు వదులు చేస్తే బుస్సుమని గాలి, వెనకే బురదనీళ్లు, కాసేపటికి తేటనీళ్లు. కింద కేకలు వినిపించాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రేపు మేం వెళ్లిపోతాం, మళ్లీ గాలి పడితే ఎవరు చూస్తారు? పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్లను దిబ్బ దగ్గరికి తీసుకెళ్లి లైను మూయించాను, కావాలనే గాలి పట్టించాను, వాళ్ల చేతే విప్పించాను. మూడోసారికి నేను నోరు తెరవాల్సిన అవసరం లేకపోయింది. ఆ జాయింటు దగ్గరే, చేత్తో తిప్పితే గాలి బయటికి పోయే ఎయిర్ వాల్వు బిగించి, నా రెంచీలు రెండూ వాళ్లకిచ్చి కొండ దిగాను.

ఏప్రిల్లో షాపులో ఉండగా ఫోను. "అన్నా, దిబ్బ కాడ గాలి పట్టింది, మేమే తీసేసాం. వాషరు అరిగిపోయింది. అలాటివి రెండు పంపుతావా?"

పది పంపాను.