డీజిల్ డబ్బా

మాది విడవలూరు దగ్గర పల్లె. మూడెకరాల్లో రెండు రొయ్యల గుంటలు. నాలుగేళ్ల క్రితం ఒక రాత్రి కరెంటు పోయి, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తాను. ట్యాంకులో డీజిల్ లేదు. నిజానికి ఆ పొద్దున నేను విడవలూరు వెళ్లిందే డీజిల్ కోసం. డబ్బా బండికి కట్టుకునే వెళ్లాను. మేత కొట్టు దగ్గర ఎవరో పిలిస్తే ఆగాను, మాటల్లో పడ్డాను, ఖాళీ డబ్బాతోనే ఇంటికొచ్చాను. తెల్లారేసరికి రొయ్యలు నీళ్ల మీదికొచ్చి తేలుతున్నాయి. ఎనభై రోజుల పంట. నాయన ఒక్క మాటా అనకుండా ఆ డబ్బా తీసుకెళ్లి జనరేటర్ పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

పరధ్యానం, సోమరి, నిలకడ లేనోడు. చిన్నప్పట్నుంచీ నా బిరుదులివి. పదో తరగతి లెక్కల పరీక్షలో ప్రశ్నపత్రం వెనక వైపు తిప్పి చూడకుండానే లేచి వచ్చేసిన ఘనుణ్ణి.

తర్వాతి ఏడాది, క్లాసులో కుదురుగా కూర్చోడని మావాణ్ణి నెల్లూరులో సైకియాట్రిస్టుకు చూపించాం. ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం. "ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా?" అని అడిగితే మా ఆవిడ నావైపు చూసింది. ఇది వంశంలో రావడం మామూలేనట.

నా వంతు వచ్చినప్పుడు అమ్మను వెంటబెట్టుకు రమ్మన్నారు. పన్నెండేళ్లలోపే లక్షణాలు కనిపించి ఉంటేనే దీన్ని ఏడీహెచ్‌డీ అంటారట. "వీడు పలక పోగొట్టని నెల లేదు సార్" అంది అమ్మ. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించి, చివరికి నాకూ అదేనన్నారు. అప్పటికి నాకు 38. ఊరట తర్వాతెప్పుడో వచ్చింది, ముందొచ్చింది కోపం. ఎవరి మీదో చెప్పలేను.

మిథైల్‌ఫెనిడేట్ మాత్ర రాశారు. మొదటి వారం మధ్యాహ్నాలు చేపల పులుసు కూడా సయించలేదు. కానీ మేత లెక్కల పుస్తకం మధ్యలో లేవకుండా రాసింది కూడా ఆ వారమే. (మరుపుకు మాత్ర ఇచ్చారు సరే, ఆ మాత్ర వేసుకోవడం గుర్తుండొద్దా! అది మా ఆవిడ చూసుకుంటుంది.)

చిక్కేమిటంటే, పొద్దున వేసుకున్న మాత్ర సాయంత్రానికి దిగిపోతుంది. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. గుంటకేమో గండం తెల్లవారుజామునే. పగలు ఆక్సిజన్ ఇచ్చే పాచి రాత్రి తనే పీల్చుకుంటుంది, నాలుగింటికల్లా నీళ్లలో ఊపిరాడదు. అందుకని గుర్తుంచుకునే పనే మానుకున్నాను. నిండు డబ్బాను షెడ్డు తలుపుకు అడ్డంగా పెడతాను, దాన్ని జరపకుండా లోపలికి పోలేను. రెండింటికి అలారం పెట్టిన ఫోను మంచం దగ్గర కాదు, ఏరియేటర్ల స్విచ్‌బోర్డు మీద ఉంటుంది. మేత వేసి, రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే నీళ్లలోకి దించగానే భుజం మీది తువ్వాలు తీసి ట్రే తాడుకు కట్టేస్తాను. కాసేపటికి చెమట తుడుచుకోబోతే చెయ్యి ఖాళీ భుజానికి తగులుతుంది. ట్రే ఎత్తి చూడాలని అప్పుడు గుర్తొస్తుంది.

మావాడికి హోంవర్కు పదేసి నిమిషాలే, మధ్యలో గట్టు మీద ఒక చుట్టు. టీచరుకు నచ్చదు. మాకు కుదిరింది.

మొన్న విడవలూరు నుంచి వస్తుంటే వాడు గేటు దగ్గరే ఆపాడు.

"నాన్నా, డబ్బా?"

మూత తీసి చూపించాను. అంచుదాకా ఉంది. వాడి నోటుపుస్తకాలు మాత్రం కొట్టు బల్ల మీదే ఉండిపోయాయి.