చెక్ ఇంజిన్ లైటు కోసం స్కానర్ కొన్నాను: నా అనుభవం

ఇంజిన్ లైటు వెలిగిందని షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ స్కానర్ పెట్టి, "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చాలె" అన్నాడు. కోడ్ చూపించమంటే ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. సెన్సర్ ధర విన్నాక, ముందు సొంత స్కానర్ ఒకటి కొందామనుకున్నా.

మాది 2015 పెట్రోల్ బండి. బీఎస్4 (పొగ నిబంధనలు) కార్లకు ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను తానే పట్టుకుని కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్‌లో, కాబట్టి దిగుల్లేదు. స్కానర్ గుచ్చడానికి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. 2013 కన్నా పాత బండైతే మాత్రం సాకెట్ కనిపించగానే సంబరపడకండి, స్కానర్‌తో కలుస్తుందో లేదో చూసుకునే కొనండి.

కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే అగ్గిపెట్టెంత నీలం బ్లూటూత్ ముక్క చేతిలో పెట్టారు. లోపలి చిప్పు పేరు ఈఎల్ఎం327, వెర్షన్ 2.1 అని రాసుంది. అసలు చిప్పు కెనడా కంపెనీది. చవగ్గా దొరికేవన్నీ దాదాపు నకళ్లే. 2.1 అన్న పేరుతో వచ్చే చాలావాటిలో కొన్ని కమాండ్లే ఉండవు, పెద్ద నంబరు చూసి మోసపోవద్దు. ఐఫోన్ వాళ్లయితే వైఫైదో, బ్లూటూత్ లో-ఎనర్జీదో తీసుకోవాలి.

"ఏబీఎస్ లైటు కూడా చదువుతదా అన్నా?"

"అన్నీ చదువుతది సార్."

చదవదు. ఇంజిన్, పొగకు సంబంధించిన కోడ్‌లే చాలావరకు అన్ని కార్లకూ ఒకటి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ ఏ కంపెనీకి ఆ కంపెనీవి. వాటికి మన బండి మోడల్‌ను సపోర్ట్ చేసే ఖరీదైన స్కానర్ కావాలి. నా అవసరం అంత లేదు. లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ల లెక్కలు), ఫ్రీజ్ ఫ్రేమ్ (లోపం వచ్చిన క్షణంలో దాచిన లెక్కలు) చూపించేది, కాస్త పేరున్న కంపెనీ అడాప్టర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఉత్త కోడ్ మాత్రమే చూపించేది ఎంత చవకైనా దండగే.

ఎందుకంటే, వచ్చిన కోడ్ పీ0171. ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దానర్థం. ఏ పార్టు పోయిందో అది చెప్పదు. సెల్లార్‌లో బండి స్టార్ట్ చేసి ఫ్యూయల్ ట్రిమ్ చూశాను, అంటే ఇంజిన్ కంప్యూటర్ మామూలుకన్నా ఎంత పెట్రోల్ ఎక్కువ తక్కువ చేస్తోందో చూపే లెక్క. ఐడ్లింగ్‌లో ప్లస్ 22 శాతం. యాక్సిలరేటర్ నొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర ఆపితే మెల్లగా 6కి దిగింది. ఆక్సిజన్ సెన్సరే తప్పు చెబుతుంటే ఇలా దిగడం కష్టం. మాది గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న ఇంజిన్. అది దాటాక ఎక్కడైనా గాలి దూరితే ఐడ్లింగ్‌లోనే ప్రభావం ఎక్కువ. టార్చి వేసి వెతికితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంచే గొట్టాల భాగం) వెనక వాక్యూమ్ పైపు, వంపు దగ్గర నిలువునా చీలి ఉంది. వేలితో నొక్కిపట్టగానే ఇంజిన్ శబ్దం మారింది.

రాణిగంజ్‌లో అదే సైజు పైపు ముక్క దొరికింది, సెన్సర్ ధరతో పోలిస్తే చిల్లర. బిగించాకే కోడ్ చెరిపాను. ముందే చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, ఇక లోపం ఏ వేగంలో, ఎంత వేడిలో వచ్చిందో తెలియదు.

పనయ్యాక అడాప్టర్ పీకేయండి. ఇంజిన్ ఆపి తాళం చెవి తీసేసినా సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. కదలని బండికి బ్యాటరీ దిగిపోతుంది.